పుట్టుకతోనే కంటి నరంలో గుంట

నాకు ముప్పై నాలుగేళ్లు, ఉండేది చెన్నైలో, వేళచ్చేరి, సొంతూరు నెల్లూరు పక్కన. పోయినేడు ఎడమ కంటికి సరిగ్గా చూపు మధ్యలో మసక మొదలైంది, కుడి కన్ను మూసుకుని చూస్తే గుమ్మం నిలువు చెక్క నడుమ వంగిపోయి ఉండేది, మనిషి మొహంలో ముక్కు ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. మొదట చూపించుకున్న చోట టెన్షన్ వల్ల రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) కింద నీరు చేరింది, సీఎస్ఆర్ అంటారు, బాగా నిద్రపోండి తగ్గిపోద్ది అన్నారు. తగ్గలా.

తర్వాత ఇంకో రెటీనా డాక్టర్, ఆవిడ ఓసీటీ స్కాన్ (కంటి పొరల్ని అడ్డంగా కోసినట్టు చూపించేది) మాక్యులాతో, అంటే రెటీనా నడిమి భాగంతో ఆపకుండా కంటి నరం మీదుగా కూడా తీయించారు, అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆప్టిక్ డిస్క్ పిట్. కడుపులో కన్ను తయారయ్యేటప్పుడే నరం దగ్గర మిగిలిపోయిన చిన్న గుంట, సుమారు 11,000 మందిలో ఒకరికి ఉంటుందట, ఎక్కువగా ఒక కంటికే. 1882 నుంచే డాక్టర్లకి తెలుసంట. చాలామందికి అసలు ఏ ఇబ్బందీ రాదు, వస్తే ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, గోడకి చెమ్మ ఎక్కినట్టు ఆ గుంట దగ్గర్నుంచి నీరు రెటీనా పొరల్లోకి పాకుతుంది.

అమ్మకి చెప్తే "నువ్వు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికొచ్చాన్రా, అందుకేనేమో" అని ఒకటే ఏడుపు. జబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధేసింది. డాక్టర్ గారే ఫోన్ తీసుకుని తెలుగులో చెప్పారు, "గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా, మీరు తిన్నదీ చేసిందీ ఏదీ కారణం కాదు" అని. ఆ ఒక్క మాటకి ఆవిడకి ఎంత రుణపడి ఉన్నానో.

విట్రెక్టమీ చేశారు, కంట్లో జెల్లీ తీసేసి నరం అంచున లేజర్ పెట్టి గ్యాస్ నింపారు. ఆ తర్వాత బోర్లా పడుకోవడమే, అన్నం తిన్నా తల వంచుకునే, అక్క ఊరి నుంచొచ్చి గ్లాసులో స్ట్రా వేసి మజ్జిగ తాగించేది. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు, పైకెళ్లే కొద్దీ అది ఉబ్బి కంట్లో ప్రెషర్ పెరిగిపోతుంది, అందుకే అమ్మ మొక్కుకున్న తిరుమల కొండ కూడా వాయిదా వేయించారు. రోజురోజుకీ బుడగ గీత కిందికి దిగుతూ పైనుంచి వెలుతురు కనపడేది.

నీరు మాత్రం నెలల తరబడి మెల్లగా ఇంకింది. 6/36 ఉన్న చూపు ఇప్పుడు 6/12 (మామూలు చూపు 6/6), గుమ్మం ఇంకా కాస్త వంకరే, గుంట ఎలాగూ పోదు కాబట్టి స్కాన్లు నడుస్తూనే ఉంటాయి. సీఎస్ఆర్ అని చెప్పి ఎంతకీ తగ్గకపోతే, నరం దగ్గర కూడా ఓసీటీ తీశారా అని దయచేసి అడగండి.