ఫిలిపినో సాధన లాగ్: అన్నీ కుదిరాయి, ‘న, పో, బ’ల వరస తప్ప

ఫిలిప్పీన్స్ జాతీయభాష ఫిలిపినో మాట్లాడి చేసుకున్న తాజా రికార్డింగ్ వింటే చిరాకు పుట్టింది. ‘భోంచేశారా అండీ’ అన్న ఒక్క ముక్క దగ్గరే బండి మళ్లీ ఆగింది. రావలసింది ‘కుమాఇన్ న పో బ కయో?’. నోటి నుంచి వస్తున్నది ‘కుమాఇన్ కయో న బ పో?’. అవతలివాళ్లకు విషయం అందుతుంది, కానీ వినగానే చెవికి అడ్డం తగులుతుంది. రోజులో నాలుగుసార్లు వాడే పలకరింపు కాబట్టి పక్కన పెట్టేయడానికీ లేదు.

కుదిరినవి గబగబా: మాట మొదట్లో ‘ఙ’ లొంగింది. ‘ఙయోన్’ అంటే ‘ఇప్పుడు’. వర్ణమాలలో అప్పజెప్పడానికే తప్ప దేనికీ అక్కరకు రాని అక్షరానికి ఇన్నాళ్లకు పని దొరికింది. సమయం స్పానిష్ అంకెల్లో చెప్పడం వచ్చేసింది. మూడు గంటలంటే ‘అలస్ త్రెస్’. జీప్నీ (అక్కడి షేర్ వ్యాను) ఆపమనే ‘పారా పో’, ఛార్జీ అందిస్తూ అనే ‘బాయద్ పో’ తడుముకోకుండా వస్తున్నాయి.

ఇక మొండికేసిన దాని సంగతి. ‘కుమాఇన్’ తిన్నారు, ‘న’ ఆ పని ఇప్పటికే అయిందనడానికి, ‘పో’ మన ‘అండీ’, ‘బ’ ప్రశ్న, ‘కయో’ మీరు. ఈ చిన్న ముక్కలన్నీ వాక్యంలో మొదటి మాటను పట్టుకుని వేలాడతాయి. వాటి వరస తిరుగులేనిది. ఏకాక్షర సర్వనామాలు క, కో, మో అన్నిటికంటే ముందు. తర్వాత న లేదా ప (ఇంకా). ఆ తర్వాత రిన్, లఙ్, నమన్ లాంటివి. పిమ్మట రౌ (అట), పో, బ. అకో, సియా, కయో, సిలా, నియా లాంటి రెండక్షరాల సర్వనామాలు అన్నిటికీ వెనక.

చిక్కంతా ఈ చివరి నియమంలోనే ఉంది. ‘నువ్వు తిన్నావా’ అంటే ‘కుమాఇన్ క న బ?’. ఇందులో ‘క’ తీసి అదే చోట ‘కయో’ పెడితే సరిపోదు. నువ్వు మీరు కాగానే సర్వనామం క్రియ పక్కనుంచి లేచి వాక్యం చివరికి పోతుంది. మర్యాద పెరిగితే మాట ఒక్కటే మారడం లేదు, కూర్చునే చోటు కూడా మారుతోంది.

ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తరంగాలు పెద్దవి చేసి చూస్తే, ‘కుమాఇన్’కీ తర్వాతి ముక్కకూ మధ్య దాదాపు అర సెకను ఖాళీ కనిపిస్తోంది. స్థానికుల ఆడియోలో అక్కడ ఖాళీయే లేదు. ‘కుమాఇన్న’ అని ఒకే ఊపిరిలో పోతుంది. ఆ అర సెకనులోనే నాలుక ముక్కల్ని సర్దుకుంటోంది, సర్దుడు తప్పుతోంది. ఇంకో తేడా: మన ఉచ్చారణలో ‘న’, ‘బ’ సాగి ‘నా’, ‘బా’ అవుతున్నాయి. ఊనిక క్రియ మీదే ఉండాలి, ఇవి తేలిపోవాలి.

మొదటి అనుమానం తెలుగు మీదే. మనకు ప్రశ్న ‘ఆ’, ‘అండీ’ రెండూ వాక్యం కొసన వస్తాయి, అందుకే నోరు వాటిని చివరికి దాచుకుంటోందనుకోవచ్చు. కానీ ‘అఆలిస్ న పో అకో’ (వెళ్లొస్తానండి) ఏ తడబాటూ లేకుండా వస్తోంది. అందులోనూ ‘పో’ నడిమధ్యనే ఉంది. కాబట్టి ‘కయో’ ముందుకు దూకడానికి తెలుగు ఒక్కటే కారణమనలేం. ‘బ పో’ అని తిరగబడటం మాత్రం ఖాయంగా మన పుణ్యమే: ‘తిన్నారా అండీ’లో ప్రశ్న ముందు, మర్యాద వెనక. అక్కడ మర్యాద ముందు, ప్రశ్న వెనక.

రెండో అనుమానం బలంగా ఉంది: మొదట బట్టీ పట్టిన ‘క న బ’ మూస. దాన్ని పరీక్షించడానికి ‘క’తో ఎప్పుడూ సాధన చేయని క్రియ తీసుకోవాలి. ‘నకఉవీ న పో బ కయో?’ (ఇంటికి చేరారా అండీ?) చాలావరకు సవ్యంగానే వచ్చింది. ‘కుమాఇన్’ రాగానే పాత మూస పైకి తేలుతోంది. అందుకే ‘క’ ఉన్న కార్డులన్నీ యాంకీలో (ఫ్లాష్‌కార్డుల యాప్‌లో) ప్రస్తుతానికి ఆపేయడమైంది. పరాయి నేలమీద పెద్దవాళ్లను ‘నువ్వు’ అనడంకన్నా ఈడువాళ్లను ‘మీరు’ అనడం క్షేమం కూడా. కుర్రకారు ‘క’తో ‘పో’ కలిపి ‘కుమాఇన్ క న పో బ?’ అనడం వినిపిస్తుంది గానీ, పెద్దల ముందు ‘కయో’నే నప్పుతుంది.

‘బ’కు ఒక కార్డు, ‘న’కు ఒక కార్డు రాసుకోవడం శుద్ధ దండగ. ‘నపోబకయో’ మొత్తాన్ని ఒకే మాటగా కార్డు మీద పెట్టి, ముందు క్రియ ఒక్కటే మార్చాలి. పింస్లర్ ఆడియో పాఠాలు వాడే పద్ధతి, చివరి ముక్కనుంచి వెనక్కి పేర్చుకుంటూ రావడం, మిగతా విషయాల్లో విసుగే గానీ ఇక్కడ బాగా పనిచేస్తుంది: కయో, బ కయో, పో బ కయో, న పో బ కయో. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర గుంపు నిలుస్తోంది, 90 దాటితే మళ్లీ ‘కయో’ ముందుకు దూకుతోంది.

దీనికి తోడు ‘మయ్’ ఒకటి. ‘ఉంది’ అనే ఈ మాట వాక్యంలో మొదట ఉన్నా ముక్కల్ని తనమీద వాలనివ్వదు, తర్వాతి నామానికి నెట్టేస్తుంది: ‘మయ్ కానిన్ ప పో బ కయో?’ (అన్నం ఇంకా ఉందా అండీ?). అదే అర్థమున్న ‘మెరోన్’ మాత్రం మోస్తుంది: ‘మెరోన్ ప పో బ కయోఙ్ కానిన్?’. ‘కయో’ చివర చేరిన ‘ఙ్’ను చూడండి. ముక్కల్ని, నామాన్ని కలిపే అతుకు అది. వరుసలో ఆఖరుగా ఎవరుంటే వాళ్లకే అంటుకుంటుంది. హోటల్లో జవాబు ‘వలా న పోఙ్ కానిన్’ అని వస్తే, అన్నం అయిపోయిందని అర్థం. అక్కడ ఆఖరున ‘పో’ ఉంది కాబట్టి అతుకు దానికే. మొదలుపెట్టేవాళ్లు ‘మయ్’ వదిలేసి ‘మెరోన్’తో సరిపెట్టుకుంటే ఒక మినహాయింపు తగ్గుతుంది.

‘హిందీ’తో మొదలయ్యే వాక్యాలు ఇప్పుడు బెడిసికొట్టడం లేదు. ‘హిందీ’ అంటే అక్కడ ‘కాదు, లేదు’. చివర గొంతు టక్కున మూసుకోవాలి. ‘హిందీ ప పో అకో కుమకాఇన్’ (ఇంకా తినలేదండి): క్రియను చివర వదిలేసి ముక్కలన్నీ ‘హిందీ’ వెనక చేరతాయి.

వైద్యవిద్యకు దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరానికి వెళ్లే తెలుగు పిల్లలకు ఒక హెచ్చరిక. అక్కడ బజారులో ఎక్కువగా వినిపించేది బిసాయా అనే వేరే భాష. ఫిలిపినోలో ‘కుముస్తా క న’ అనేదాన్ని బిసాయాలో ‘కుముస్తా న క’ అంటారు, వరస తలకిందులు. రెండూ వాటి వాటి చోట సరైనవే. కానీ రెండింటినీ ఒకే డెక్‌లో (కార్డుల కట్టలో) పెడితే ఇంత కష్టపడి కట్టిన గుంపు చెదిరిపోతుంది. వేరే డెక్, వీలైతే వేరే గొంతు.

తర్వాతి పని ‘కితా’. ‘కో’ (నేను), ‘క’ (నువ్వు) పక్కపక్కన నిలవవు, రెండూ కలిసి ‘కితా’ అయిపోతాయి: ‘తతవాగన్ కితా’ (నీకు ఫోన్ చేస్తాను). అంతకంటే ముందు గుంపులోకి ‘రౌ’ని, అంటే మన ‘అట’ను, ఎక్కించి చూడాలి: ‘కుమాఇన్ న రౌ పో బ సియా?’ (ఆయన తిన్నారటా అండీ?). నాలుగు ముక్కలూ 60 వేగంలో తడబడకుండా వస్తేనే ‘క’ కార్డులు తిరిగి తెరవడం.