మా ఉపగ్రహానికి ఫ్రీక్వెన్సీ దొరికేదాకా: నా అనుభవం

కాట్రేనికోనలో మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. చెరువు నీటిలో డీఓ (కరిగిన ఆక్సిజన్), ఉప్పు శాతం రీడింగులు ఉపగ్రహం ద్వారా అందుకోవాలని మా పిల్లలు ఒక క్యూబ్‌శాట్, అంటే బుల్లి ఉపగ్రహం, మొదలుపెట్టారు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లు, అంతే. బోర్డు, బ్యాటరీ, సోలార్ పలకలు ఏడాదిలో సిద్ధమయ్యాయి. కాగితాల పని చివర్లో చూసుకోవచ్చనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం.

మన దేశంలో ప్రైవేటు కంపెనీ అయినా కాలేజీ అయినా ఉపగ్రహం పంపాలంటే ఇన్‌స్పేస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి. దాని ఆఫీసు అహ్మదాబాద్‌లో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఏ కక్ష్యలో తిరుగుతుంది, పని అయిపోయాక ఎన్నాళ్లకు కిందికి దిగి కాలిపోతుంది, అన్నీ లెక్కలతో చూపించాలి. అవి మా పిల్లలు బాగానే చేశారు.

ఆగిపోయింది ఫ్రీక్వెన్సీ దగ్గర. అది ఇచ్చేది ఢిల్లీలోని డబ్ల్యూపీసీ, టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం. జెనీవాలోని ఐటీయూకు (అంతర్జాతీయ టెలికాం సంఘానికి) వివరాలు పంపేదీ వాళ్లే, మనం నేరుగా పంపడానికి లేదు. మేమేమో అప్పటికే 435-438 మెగాహెర్ట్జ్ అమెచ్యూర్ బ్యాండుకు రేడియో కట్టేశాం. అది హామ్‌ల బ్యాండు, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియో నడిపేవాళ్లది. దానికి ముందు అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘంతో కోఆర్డినేషన్ (ఇతరులకు అడ్డురాని ఫ్రీక్వెన్సీ చూసుకోవడం) జరగాలి. ఆ ఫారం నింపుతుంటే థర్డ్ ఇయర్ అమ్మాయి అడిగింది: "సార్, రొయ్యల చెరువంటే వ్యాపారం కదా?"

నా గుండె జారిపోయింది. లాభం కోసం చేసే పనికి ఆ బ్యాండు వాడకూడదు. సందేశాలను రహస్య కోడ్‌లో పంపడమూ కుదరదు. వేరే బ్యాండుకు వెళ్తే రేడియో, యాంటెన్నా మళ్లీ మొదటినుంచి చేయాలి. పిల్లల ఏడాది కష్టం కళ్లముందు కనిపించి వారం రోజులు సరిగా నిద్రపట్టలేదు.

చివరికి దారి దొరికింది 1996 నవంబరు 6 గురించి మాట్లాడుకుంటుంటే. ఆ రాత్రి తుఫానుకు కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి. మా అమ్మమ్మ వాళ్లు క్షేమమన్న కబురు మాకు నాలుగు రోజులకు గానీ అందలేదు. టవర్లు పడిపోయినప్పుడు ఒక హామ్ పంపిన చిన్న సందేశాన్ని దాచుకుని, ఇంకోచోట దించే ఉపగ్రహం చేద్దామనుకున్నాం. అదే రేడియో, అదే యాంటెన్నా, మారింది సాఫ్ట్‌వేరే. నేనూ ఇద్దరు పిల్లలూ పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకున్నాం. మన సిగ్నల్ వల్ల ఎవరికైనా ఇబ్బంది వస్తే నేల మీద నుంచే ట్రాన్స్‌మిటర్ ఆపగలగాలి. ఆ కమాండును ఎన్నిసార్లు పరీక్షించామో లెక్కలేదు.

ప్రయోగం తేదీ మాత్రం మన చేతిలో ఉండదు. రాకెట్‌లో మనం పక్క సీటువాళ్లం, పెద్ద ఉపగ్రహం సిద్ధమైనప్పుడే ప్రయాణం. మా తేదీ రెండుసార్లు వాయిదా పడింది. పిల్లలకు ఒకటే టెన్షన్. 2024 డిసెంబరు 30న అందరం కూర్చుని పీఎస్ఎల్‌వీ-సీ60 ప్రయోగం చూశాం. రాత్రి 9:58కి వెళ్లాల్సినది, దారిలో వేరే ఉపగ్రహాలకు దగ్గరవుతుందని 10 గంటలకు మార్చారు. ఆ రెండు నిమిషాల లెక్క అర్థమయ్యాక మా వాళ్లు తేదీ గురించి సణగడం మానేశారు.

"ఒరేయ్, మరి నా చెరువు సంగతేంట్రా?" అంటాడు బాబాయి. దానికి రెండో ఉపగ్రహం, వేరే బ్యాండులో. ఫ్రీక్వెన్సీ దరఖాస్తు పెట్టేశాం బాబాయ్ అని చెప్పాను. బోర్డు ఇంకా గీయలేదు.