కోడా: పడవ మీద మాట్లాడే పని ఎవరిది?

నిన్న రాత్రి ‘కోడా’ (2021) మళ్లీ చూశాను. చేపల పడవ మీద బతికే కుటుంబం. అమ్మ, నాన్న, అన్న ముగ్గురికీ వినపడదు, రూబీకి మాత్రమే వినపడుతుంది, అంటే ఇంట్లోనూ పడవ మీదా చేపల బేరంలోనూ మాట్లాడే పని మొత్తం ఆ పిల్ల నెత్తినే. దీనికి మూలమైన 2014 ఫ్రెంచ్ సినిమాలో తల్లిదండ్రుల పాత్రలు వినపడే నటులే చేశారు. ఇందులో ముగ్గురూ నిజంగా బధిర నటులే. నాన్నగా చేసిన ట్రాయ్ కాట్సర్‌కి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ కూడా వచ్చింది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే పోట్లాటల్లో. చేతులతో అంత బూతు తిట్టొచ్చని నాకు తెలీదు! సినిమా కోసం నేర్చుకున్న సైగల్లో ఆ వేగం, ఆ వెటకారం రావడం కష్టం.

నాకు నచ్చనిదల్లా, కూతురు లేకపోతే వీళ్లు ఒక్క అడుగు వేయలేరన్నట్టు చూపించడం. ఇన్నేళ్లుగా పడవ నడుపుతున్నవాళ్లు కాగితం మీద రాసో, ఫోన్‌లో టైపు చేసో బేరం ఆడుకోలేరా? డాక్టర్ దగ్గర నాన్నకి చెప్పుకోలేని చోట దురద అని కూడా కూతురే చెప్పాలి. నవ్వొస్తుంది, నిజమే, కానీ అమెరికాలో 1990 నుంచీ చట్టం ఉంది, అక్కడ దుబాసీని ఏర్పాటు చేయాల్సింది డాక్టరే.

అన్న లియో ఒక్కడికే దీని మీద కోపం, చెల్లెలి మీద ఆధారపడటం అతనికి అవమానం. సినిమా అతని దగ్గర ఇంకాస్తసేపు ఆగాల్సింది.