నొప్పి పోయిందని సంబరపడ్డ రెండు వేళ్ళు

కెనడా ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ అనే ఊరికి ఈశాన్యంగా, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన, చెట్టు మొలవని నేల మీద వజ్రాల గనులున్నాయి. గడ్డకట్టిన సరస్సుల మీద వేసే మంచు రోడ్డు ఏడాదికి ఇంచుమించు రెండు నెలలే ఉంటుంది. ఆ రోజుల్లోనే సరుకు లారీలు వస్తాయి, మనుషులు మాత్రం విమానంలోనే. అలాంటి క్యాంపుకి రెండు వారాల పని మీద వెళ్ళి, ఎడమచేతి మధ్యవేలికీ ఉంగరపువేలికీ ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం, తెచ్చుకున్నాను.

ఆ రోజు మైనస్ 30. గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తెలిసేది మైనస్ 46. కప్పుకోని చర్మం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకడుతుంది. ఒత్తిడి కొలిచే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ మూత విప్పడానికి, నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మందపాటి పై మిట్టెన్ తీసేసి, లోపలి పల్చటి గ్లవ్‌తోనే ఇనుము పట్టుకున్నాను. అంతకుముందు మంచు తవ్విన చెమటకి ఆ గ్లవ్ తడిసే ఉంది. మొదట సూదులు గుచ్చినట్టు నొప్పి, కాసేపటికి అదీ లేదు. చేయి అలవాటు పడిందనుకున్నాను. నిజానికి అక్కడ స్పర్శే పోయింది. లోపలికొచ్చి చూస్తే వేలి కొసలు మైనంలా తెల్లగా ఉన్నాయి. వాటిని బల్ల మీద తడితే చెక్క ముక్క తగిలినట్టు చప్పుడు.

మనవాళ్ళయితే రుద్దమంటారు, సెగ చూపించమంటారు. రెండూ చెరుపే. రుద్దితే గడ్డకట్టిన కణజాలం ఇంకా దెబ్బతింటుంది. మొద్దుబారిన చర్మానికి సెగ తెలియక కాలిపోతుంది. క్యాంపులో వైద్యం చూసే మెడిక్ మొదట అడిగింది, మళ్ళీ చలిలోకి వెళ్ళాల్సిన పనుందా అని. కరిగిన వేలు మళ్ళీ గడ్డకడితే నష్టం ఎన్నో రెట్లు. మంచు తుఫానుకి విమానం దిగే వీలు లేదు, గది వెచ్చగా ఉంది కాబట్టి అక్కడే కరిగించారు.

ఉంగరం ముందే తీయించారు, వాపొస్తే ఇక రాదు. బేసిన్‌లో 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళు, అందులో థర్మామీటర్. వేళ్ళు గిన్నెకి తగలకూడదు. నీళ్ళు చల్లారిపోతుంటే చేయి బయటికి తీసి, వేడినీళ్ళు కలిపి, కొలిచాకే మళ్ళీ పెట్టాలి. ముందుగానే ఐబుప్రొఫెన్ ఇచ్చారు, అయినా పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది. అరగంటకి చర్మం ఎర్రబడి మెత్తబడింది. ఆపడానికి అదే గుర్తు. గాలికి ఆరనిచ్చి, కలబంద జెల్ రాసి, వేళ్ళ మధ్య దూది పెట్టి వదులుగా కట్టు కట్టారు.

మర్నాటికి బొబ్బలు. లోపలి నీరు తేటగా ఉందని మెడిక్ ఊపిరి పీల్చుకున్నారు. రక్తపు రంగుంటే దెబ్బ లోతుగా తగిలినట్టు. అలాంటివారికి రక్తప్రసారం పెంచే ఐలోప్రోస్ట్ వంటి మందు నరంలోకి ఎక్కిస్తారు, అదీ మొదటి 72 గంటల్లోపే. అందుకే లోతైన దెబ్బకి విమానం ఆలస్యమైతే వేళ్ళ మీదికొస్తుంది. నాకా అవసరం పడలేదు. ఎల్లోనైఫ్ ఆసుపత్రిలో టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, సిగరెట్ ముట్టొద్దన్నారు. అది రక్తనాళాల్ని బిగిస్తుంది.

పది రోజులకి బొబ్బలు ఎండి నల్లటి పెచ్చు కట్టాయి. చూసి వేళ్ళు పోయాయనుకున్నాను. మూడో వారంలో పెచ్చు దానంతటదే ఊడింది, కింద గులాబీ రంగు చర్మం. లాగి తీయకపోవడమే నేను చేసిన తెలివైన పని. ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి పాలప్యాకెట్ తీస్తే ఆ రెండు కొసలే ముందు తెల్లబడతాయి. బయట పనుంటే పొడి లోగ్లవ్స్ రెండు జతలు లోపలి జేబులో పెట్టుకుంటాను, చెమ్మ తగలగానే మార్చేస్తాను.