పాత ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ని జురాసిక్ పార్క్ టూర్ బండిగా మార్చడం: నా అనుభవం

జురాసిక్ పార్క్ సినిమాలో బండ్లు రెండు రకాలు. సిబ్బంది తిరిగేవి జీప్ రాంగ్లర్లు. సందర్శకుల్ని ఎక్కించుకుని డ్రైవర్ లేకుండా పట్టా వెంట పోయేవి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు. (సినిమా తీసేటప్పుడు నిజానికి డ్రైవర్ ఉన్నాడు. వెనక డిక్కీలో దాక్కుని, చిన్న టీవీ తెర చూస్తూ నడిపాడు.) జీప్‌ని మార్చడం తేలిక: ఎర్ర చారలు, తలుపు మీద బొమ్మ, చక్రాలు, అయిపోయింది. ఎక్స్‌ప్లోరర్ అలా కాదు. ఒంటి నిండా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారలు, నెత్తిన గాజు లాంటి పారదర్శక కప్పు. లోపలున్న పిల్లల మీదికి టి-రెక్స్ అదిమేది ఆ కప్పునే. ఆ కప్పు దగ్గరే సగం రెప్లికాలు (నకలు బండ్లు) ఆగిపోతాయి, లేదా వానాకాలంలో సీట్లు తడుపుకుంటాయి.

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు నన్ను మొదట అడిగేది రంగు నంబర్ల గురించి. అడగాల్సింది బండి గురించి. నా లెక్క ఒకటే: మళ్ళీ చేసుకోలేని వాటికే డబ్బు పెట్టాలి. తుప్పులేని ఇనుము, పగలని లోపలి ప్లాస్టిక్, గీతల్లేని అద్దాలు, వీటికి ఎంతైనా ఇవ్వచ్చు. మెరిసే పెయింట్‌కి మాత్రం ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వద్దు, ఎలాగూ గీకేస్తాం కదా. పైన క్లియర్ పొర ఊడిపోయి పొలుసులు రాలుతున్న బండి కావడంతో నాకు బేరంలో బాగా కలిసొచ్చింది. 4,600 డాలర్లకు దొరికింది.

కావాల్సింది 1991 నుంచి 1994 దాకా వచ్చిన మొదటి తరం, నాలుగు తలుపులది, ఎక్స్‌ఎల్‌టీ అనే రకం. సినిమాలోవి ఈ తరానివే. 1995లో ముందు భాగం గుండ్రంగా మారిపోయింది. దానికి ఎన్ని చారలు వేసినా ముఖం కలవదు. ప్రకటనలో ఏం రాసినా విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) చదవండి. అయిదు, ఆరు, ఏడు స్థానాల్లో ‘యు34’ ఉంటే నాలుగు తలుపుల ఫోర్ వీల్ డ్రైవ్, ‘యు32’ ఉంటే వెనక చక్రాల డ్రైవ్ మాత్రమే. ఎనిమిదో స్థానంలో ‘ఎక్స్’ అంటే 4 లీటర్ల వీ6 ఇంజన్. పదో స్థానంలో ‘పి’ అంటే 1993, ‘ఎన్’ అంటే 1992. అదే కాలంలో వచ్చిన మాజ్డా నవాహో దీని కవల బండే, కాకపోతే రెండు తలుపులది. పాత సామాన్ల యార్డులో కనిపిస్తే లైట్లు, స్విచ్‌లు, ఇంజన్ భాగాలు తెచ్చుకోవచ్చు.

తుప్పు చూడ్డానికి జేబులో అయస్కాంతం, చేతిలో స్క్రూడ్రైవర్ చాలు. వెనక చక్రాల పైన కమాను, తలుపుల కింది పెట్టె భాగం, వెనక కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్లు, ముందు ఇరుసుని పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ బ్రాకెట్లు, పెట్రోల్ ట్యాంకు పక్కనుంచి పోయే బ్రేక్ పైపులు, ఈ వరసలో చూడండి. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉంది. ఉత్తరాది రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి బండి పైకి ఎంత బాగున్నా అడుగున నమ్మలేం. టెక్సస్, అరిజోనా బండ్లకు ఉప్పు గొడవ లేదు కానీ ఎండ కాటు ఉంటుంది: డాష్‌బోర్డు పగుళ్ళు, జారిపోయిన పైకప్పు గుడ్డ, రాయిలా గట్టిపడ్డ తలుపు రబ్బర్లు. గుడ్డ, రబ్బర్లు మార్చుకోవచ్చు. డాష్‌బోర్డు మాత్రం పగలనిదే చూసుకోండి.

మైళ్ళ అంకె గురించి ఒక మాట. 2010, అంతకు ముందు మోడళ్ళకు అమ్మేవాడు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఓడోమీటర్ అంకెకు పూచీ పడక్కర్లేదు, ‘మినహాయింపు’ అని రాస్తే చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి 70,000 మైళ్ళే అంటే బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు చూడండి, పాత సర్వీసు రసీదులు అడగండి. పెడల్ అరిగి నున్నగా ఉండి మీటరు 70,000 చూపిస్తే పెడల్‌నే నమ్మండి.

ఇంజన్‌ని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అర్థం. ఈ వీ6 ఇంజన్ మొండిది, కానీ ఒకసారి బాగా వేడెక్కితే సిలిండర్ హెడ్ పగులుతుంది. రేడియేటర్ మూతి దగ్గర పెట్టే నీలం ద్రవం పరీక్ష కిట్ తీసుకెళ్ళండి. నీలం పసుపుగా మారితే కూలెంట్‌లోకి పొగ వస్తున్నట్టే, బేరం అక్కడితో ఆపేయండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఏ4ఎల్‌డీ. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి ఊళపెట్టి ఆ తర్వాత పట్టుకుంటే లోపల ఏదో అరిగినట్టే. ఇది ఓబీడీ-2 అనే కంప్యూటర్ తనిఖీ పద్ధతి రాకముందు కాలం బండి, ఇప్పటి స్కానర్లు ఎక్కవు. ఇంజన్ గదిలోని టెస్ట్ కనెక్టర్‌లో చిన్న తీగ ముక్కతో రెండు పిన్నులు కలిపితే హెచ్చరిక దీపం మిణుకులతో కోడ్ చెబుతుంది. 111 వస్తే అన్నీ బాగున్నట్టు.

అడుగున వేలాడే స్టెప్నీని తప్పకుండా దింపి చూడండి. 2000 ఆగస్టులో వెనక్కి పిలిచిన 15 అంగుళాల ఫైర్‌స్టోన్ ఏటీఎక్స్, వైల్డర్‌నెస్ ఏటీ టైర్లలో ఒకటి ఇంకా అక్కడే ఉండొచ్చు. టైరు పక్కన అచ్చు వేసిన డాట్ కోడ్ చివర, తయారీ తేదీ చెప్పే నాలుగంకెలకు బదులు మూడే ఉంటే అది 2000కి ముందుది. గాలి ఎంత నిండుగా ఉన్నా పారేయాల్సిందే. అమెరికా ప్రభుత్వ రీకాల్ సైట్లో విన్ కొడితే సాధారణంగా పదిహేనేళ్ళు దాటినవి కనిపించవు, కాబట్టి అక్కడ ఏమీ లేదని ధీమా పడొద్దు.

కాగితాల పని చిన్నదే. టెక్సస్‌లో 130-యు ఫారం, సంతకం పెట్టిన టైటిల్, 6.25 శాతం పన్ను, ముప్పై రోజుల గడువు. 24 ఏళ్ళు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. సొంత వాడకం బండ్లకు భద్రతా తనిఖీని కూడా 2025 నుంచి తీసేశారు. పాతికేళ్ళు దాటింది కదా అని యాంటిక్ ప్లేట్ తీసుకుంటే మాత్రం ప్రదర్శనలు, ఊరేగింపులు, క్లబ్ కార్యక్రమాలకే తిప్పాలి. రోజూ ఆఫీసుకి వేసుకెళ్తే తప్పు. నేను మామూలు ప్లేటే ఉంచాను.

ఇక పని. ముందు యాంత్రికం: రేడియేటర్, హోస్‌లు, థర్మోస్టాట్, నీటి పంపు, బ్రేక్ హోస్‌లు, ప్లగ్గులు, గేర్‌బాక్స్‌కి బయట అదనపు కూలర్. ఏ4ఎల్‌డీని చంపేది వేడే, ఆ కూలర్ దానికి సగం ఆయుష్షు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాల్ని ఇరుసుకి కలిపే ఆటోమేటిక్ హబ్బులు పట్టకపోతే, చేత్తో తిప్పే మాన్యువల్ హబ్బులు వేసేయండి. బంపర్ ముందుండే బరువైన ఇనుప గార్డ్ బిగిస్తే స్ప్రింగులు కిందికి కూర్చుంటాయి. ఈ ఇరుసు నిర్మాణంలో ఎత్తు మారితే చక్రం వాలు కూడా మారి టైర్లు లోపలి అంచున తినేస్తాయి. అందుకే గార్డ్ బిగించిన తర్వాతే అలైన్‌మెంట్. గార్డ్‌ని బంపర్‌కి కాదు, చాసిస్ కొనలకు పట్టించాలి.

పైకప్పు పని పెయింట్ కంటే ముందే చేయాలి. ఎత్తైన, బోర్లపడే స్వభావం ఉన్న బండి ఇది. పైకప్పు మొత్తం కోసేయడం ఆత్మహత్యే. రేకు కింద అడ్డంగా ఉక్కు పట్టీలు ఉంటాయి. నేను రెండు పట్టీల మధ్య భాగాన్నే కోశాను, ఒక్క పట్టీనీ తెంచలేదు. సినిమాలో కప్పు ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది. దానికి ఒక చిట్కా ఉంది: పారదర్శక కప్పుని (డోమ్) కోత కంటే పొడుగ్గా చేయించి, కింద కోయని రేకుకి మ్యాట్ నలుపు వేస్తే బయటి నుంచి చూసేవాళ్ళకు అంతా తెరిచినట్టే ఉంటుంది. కోత అంచు చుట్టూ అంగుళం చదరపు, 16 గేజ్ ఉక్కు గొట్టంతో చట్రం పెట్టి పట్టీలకు వెల్డ్ చేశాను. పైరేకుకి మాత్రం వెల్డ్ వద్దు. పల్చటి రేకు వేడికి అలలు తిరిగి ఇక ఎప్పటికీ చదును కాదు. అక్కడ ప్యానెల్ అంటించే జిగురు వాడాను. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దంలో దిగి చుక్కలుగా మిగిలిపోతాయి, ముందు అద్దానికి వెల్డింగ్ దుప్పటి కప్పండి.

డోమ్ క్యాస్ట్ యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్, పావు అంగుళం మందం. 160 డిగ్రీల సెల్సియస్ పైన వేడిచేసి గాలితో ఉబ్బించే పని ఇంట్లో కాదు, ప్లాస్టిక్‌ని వేడితో మలిచే షాపుకి ఇవ్వాలి. మొదటిసారి వేడెక్కినప్పుడు షీటు రెండు శాతం దాకా ముడుచుకుంటుంది, కొలతలు పెద్దగా ఇవ్వండి.

నేను తప్పు చేసింది బోల్టు రంధ్రాల్లో. యాక్రిలిక్ మీటరుకి, డిగ్రీకి 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. 1.3 మీటర్ల డోమ్, 40 డిగ్రీల తేడా అంటే మూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 7 మిల్లీమీటర్ల రంధ్రం వేసి గట్టిగా బిగించాను. జనవరిలో మొదటి గడ్డకట్టే రాత్రి, ముందు కుడి మూల రంధ్రం నుంచి నక్షత్రంలా పగులు. రెండో డోమ్‌కి 10 మిల్లీమీటర్ల రంధ్రాలు, వెడల్పాటి నియోప్రీన్ వాషర్లు, నట్టు చేత్తో తిప్పి ఆపైన పావు చుట్టు మాత్రమే. ప్లాస్టిక్ కోసమే చేసిన డ్రిల్ బిట్ వాడండి, మామూలుది చివర్లో కొరికి చీలుస్తుంది. సీలెంట్ న్యూట్రల్ సిలికోన్. పులిసిన వెనిగర్ వాసన వచ్చే రకం ఉక్కుని తుప్పు పట్టిస్తుంది.

నీరు రాకుండా ఆపేది సీలెంట్ ఒక్కటే అనుకోవద్దు. కోత అంచున ముప్పావు అంగుళం ఎత్తు గట్టు లేపితే, సీలు దాటిన నీరు కూడా గట్టెక్కలేక పక్కకి జారిపోతుంది. పొలం గట్టు తీరే ఇదీనూ. తోట పైపుతో ఇరవై నిమిషాలు కింది నుంచి పైకి తడుపుతూ, లోపల అంచు వెంట సుద్దపొడి రాసి చూడండి. కారిన చోట గీత పడుతుంది. టెక్సస్ ఎండలో లోపల పొయ్యిలా ఉంటుంది. దానికి సన్ ఫిల్మ్ అంటిస్తే యాక్రిలిక్ నుంచి వచ్చే వాయువులతో బుడగలు లేస్తాయి. లోపలి నుంచి తగిలించే గుడ్డ తెర మేలు.

పెయింట్‌కి వస్తే, సినిమాలో టూర్‌కి వెళ్ళిన రెండు బండ్ల నంబర్లలో ముందు ఒకటి ఎంచుకోండి, 04 గానీ 05 గానీ. ఆ బండి ఉన్న సినిమా ఫ్రేములే చూస్తూ చారలు గీయండి, రెండూ కలపకండి. ఒక పక్క కాగితం అచ్చు తిప్పి రెండో పక్క వాడే ముందు ఆ పక్క ఫ్రేమ్‌తో పోల్చుకోండి. వరస లేతవి ముందు, ముదురువి తర్వాత: తెల్ల సీలర్, పసుపు, ఎరుపు, చివర ఆకుపచ్చ. పసుపు కింది రంగుని కప్పలేదు. బూడిద ప్రైమర్ మీద నేరుగా వేస్తే మురికి నిమ్మపండులా ఉంటుంది. నాకు పట్టింది: పసుపు రెండు క్వార్టులు, ఆకుపచ్చ రెండు క్వార్టులు, ఎరుపు ఒక పైంటు, క్లియర్ గ్యాలనున్నర, పావు అంగుళం ఫైన్‌లైన్ టేపు ఎనిమిది చుట్టలు. టేపు అంచు కింద రంగు పాకకుండా, ముందు కింది రంగునే పల్చగా ఒక పూత టేపు అంచున కొట్టి ఆ తర్వాత కొత్త రంగు వేయాలి. మూడు రంగుల అంచులు గోటికి తగులుతాయి. రెండు పూతల క్లియర్, 1000 నంబరు కాగితంతో తడి రుద్దుడు, మళ్ళీ క్లియర్ వేస్తే చదునవుతాయి. గట్టిపడే మందు కలిపే క్లియర్‌లో ఐసోసైనేట్లనే విష రసాయనాలు ఉంటాయి, కాగితం మాస్కు దాన్ని ఆపదు. బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు కావాలి. గరాజ్‌లో కొట్టకండి. వారాంతానికి పెయింట్ బూత్ అద్దెకు తీసుకున్నాను, 600 డాలర్లు.

లోపల మధ్యలో టూర్ మ్యాప్ తెరకి చాలామంది టాబ్లెట్ పెడతారు. వేసవిలో మూసిన బండిలో దాని బ్యాటరీ ఉబ్బుతుంది. దానికి బదులు బ్యాటరీ లేని తెర, రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్, 12 వోల్టుల నుంచి 5 వోల్టులకు దించే కన్వర్టర్, ముందు ఒక ఫ్యూజు. తాళం తీయగానే కరెంటు పోతుంది కాబట్టి మెమరీ కార్డుని రీడ్-ఓన్లీ చేయకపోతే నెలకోసారి చెడుతుంది.

పన్ను, టైటిల్ కాక మొత్తం 11,490 డాలర్లు. మామూలు ఇన్సూరెన్స్ పాత ఎక్స్‌ప్లోరర్ ధరే కట్టిస్తుంది, పైకప్పుని, చారల్ని లెక్కలోకి తీసుకోదు. ముందే ఒప్పుకున్న విలువకి పాలసీ అడగండి, ప్రతి దశలో ఫోటో, రసీదు దాచండి. లోగో యూనివర్సల్ వాళ్ళ ట్రేడ్‌మార్కు. సొంత బండి మీద అభిమానంతో వేసుకోవడం వేరు, పుట్టినరోజు పార్టీలకు అద్దెకిచ్చి డబ్బు తీసుకోవడం వేరు. ఇదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేద్దామనుకునేవాళ్ళు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోండి. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైకప్పు కోసిన బండి ఆర్‌టీవో దగ్గర నిలవదు.

డోమ్‌ని సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డతోనే తుడవండి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ తగిలితే సన్నటి వెంట్రుక పగుళ్ళు వస్తాయి. వాహన పూజ చేయించేవాళ్ళు క్లియర్ వేశాక కనీసం నెల ఆగండి, లేదా పంతులుగారిని పసుపు కుంకుమ బానెట్ మీద కాకుండా ముందు గార్డ్ ఇనుము మీద పెట్టమని అడగండి. పచ్చి క్లియర్ మీద పడ్డ తడి కుంకుమ మరక పాలిష్‌కి కూడా పోదు. నిమ్మకాయలు టైర్ల కిందే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు.