బ్లాక్ హోల్స్ మీద పోస్ట్‌డాక్ దొరికేదాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం కొరియర్ అబ్బాయి పాస్‌పోర్టు ఇచ్చి వెళ్ళాడు. లోపల జర్మనీ వీసా స్టిక్కర్ ఉంది. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం కోసం పోయిన అక్టోబర్‌లో మొదలుపెట్టిన పని ఈ అక్టోబర్‌కి తెమిలింది. అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను. నేను అప్లై చేసే రోజుల్లో ఇవన్నీ తెలుగులో చెప్పేవాళ్ళు నాకు ఒక్కరూ దొరకలేదు.

నా పీహెచ్‌డీ బ్లాక్ హోల్స్‌కీ, అవి ఉండే గెలాక్సీలకీ ఉన్న సంబంధం మీద. మన పాలపుంత నడుమ ఉన్న బ్లాక్ హోల్ బరువు సుమారు 40 లక్షల సూర్యులంత. 2019 ఏప్రిల్‌లో మొట్టమొదటి ఫోటో విడుదలైన, ఎం87 అనే గెలాక్సీలోని బ్లాక్ హోల్ 650 కోట్ల సూర్యులంత. 2000లో రెండు బృందాలు వేర్వేరుగా ఒకే సంగతి చూపించాయి. గెలాక్సీ నడిమి ఉబ్బులో నక్షత్రాల వేగాల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే, అక్కడి బ్లాక్ హోల్ అంత బరువుంటుంది. ఆ తేడాని సిగ్మా అంటారు. సిగ్మాకీ బ్లాక్ హోల్ బరువుకీ గ్రాఫ్ గీస్తే గెలాక్సీలు ఒక గీత వెంట పడతాయి, అదే సిగ్మా గీత. వింత ఏమిటంటే, ఆ నక్షత్రాల్లో చాలావాటి దాకా బ్లాక్ హోల్ ఆకర్షణ పెద్దగా చేరదు. మరి రెండింటికీ లెక్క ఎలా కుదిరింది? ఎమ్మెస్సీలో ఈ మాట విన్న రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఈ రంగంలో ఉద్యోగాలకి ఒక సీజన్ ఉంటుంది. ప్రకటనలు ఎక్కువగా అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ జాబ్ రిజిస్టర్‌లో వస్తాయి. గడువులు అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా వరసగా పడతాయి. సీవీ, పేపర్ల జాబితా, మూడు నాలుగు పేజీల రీసెర్చ్ ప్లాన్, మూడు రెఫరెన్స్ లెటర్లు. నేను 31 చోట్ల పెట్టాను. ఇందులో కష్టమేమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

లెటర్ల విషయంలో మాత్రం ఒక మాట వినండి. పెద్ద పేరున్న వాళ్ళ వెంట పడకండి. నాకు తప్పకుండా రాస్తానన్న ఒక పెద్దాయన ప్రతిసారీ గడువు రోజు అర్ధరాత్రి దాకా టెన్షన్ పెట్టారు, రెండు చోట్ల అసలు పంపనే లేదు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అనేవారు. నాతో కలిసి రాత్రులు మేలుకున్న జూనియర్ ఫ్యాకల్టీ మేడం 31కి 31 లెటర్లు ముందుగానే పంపారు. మీ పని కళ్ళారా చూసిన వాళ్ళే మీ గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాయగలరు.

జనవరి రెండో వారంలో యూరప్‌లోని ఒక పేరున్న గ్రూప్ నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. మనకి మధ్యాహ్నం రెండున్నర. హాస్టల్ నెట్‌ని నమ్మలేక సెమినార్ రూమ్ తాళం అడిగి తీసుకున్నాను. స్క్రీన్ మీద నలుగురు. పన్నెండు నిమిషాలు నేను మాట్లాడాలి, తర్వాత ప్రశ్నలు.

మాట్లాడటం బాగానే సాగింది. నా 38 గెలాక్సీల స్పెక్ట్రాలో (వెలుగుని రంగులుగా విడదీసి తీసిన కొలతలు) సగానికి పైగా నేను స్వయంగా తీసినవి. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో ఉన్న రెండు మీటర్ల టెలిస్కోప్‌ని బెంగళూరు దగ్గర హోసకోటేలో కూర్చుని శాటిలైట్ లింకు మీద నడుపుతారు. అక్కడ 23 రాత్రులు కూర్చున్నాను, ఇది నేను గొప్పగానే చెప్పుకుంటాను. చివరి స్లైడ్‌లో 38 చుక్కలు పెట్టి, "నా గెలాక్సీలన్నీ సిగ్మా గీత మీదే పడ్డాయి" అని ముగించాను.

అప్పటిదాకా నోరు విప్పని ఒకాయన అడిగారు. "మీరు వాడిన ఎఫ్ ఎంత?"

"4.3 సార్."

"ఎక్కడిది?"

"2013లో వచ్చిన పేపర్ నుంచి."

"ఆ పేపర్ రాసిన వాళ్ళకి ఎక్కడ దొరికింది?"

ఇక్కడ ఎఫ్ అంటే ఏమిటో చెప్పాలి. దూరపు గెలాక్సీలో బ్లాక్ హోల్‌ని తూచాలంటే దాని చుట్టూ తిరిగే వాయుమేఘాల వేగం, అవి ఎంత దూరంలో ఉన్నాయన్నది కావాలి. స్పెక్ట్రమ్‌లో హైడ్రోజన్ గీత ఎంత వెడల్పుగా ఉందో చూస్తే వేగం తెలుస్తుంది. నడుమ వెలుగు పెరిగిన ఎన్నాళ్ళకి మేఘాల వెలుగు పెరిగిందో చూస్తే దూరం తెలుస్తుంది, దాన్నే రివర్బరేషన్ మ్యాపింగ్ అంటారు. దూరాన్ని వేగం వర్గంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే బరువు వస్తుంది. కానీ ఆ మేఘాలు పళ్ళెంలా ఒకే తలంలో తిరుగుతున్నాయా, బంతిలా అన్ని వైపులా తిరుగుతున్నాయా, మనకి ఏ కోణంలో కనబడుతున్నాయి, ఇవేవీ చాలావాటి విషయంలో తెలియవు. ఆ తెలియనిదంతా కలిపి ఒక్క అంకెలో పెట్టి గుణిస్తాం. అదే ఎఫ్. 2004లో ఒక బృందం దాని విలువ 5.5 అంది, 2013లో ఇంకో బృందం 4.3 అంది. నేను రెండోది తీసుకుని వాడేశాను.

"రివర్బరేషన్ మ్యాపింగ్ నుంచి వచ్చింది సార్" అన్నాను.

"అది దూరం ఇస్తుంది. ఎఫ్ ఇవ్వదు."

గొంతు ఎండిపోయింది. సిమ్యులేషన్ల గురించి ఏదో మొదలుపెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీరు ఆ పేపర్ చదివారా?" అని అడిగారు. చదివానన్నాను. అది అబద్ధం. సారాంశం చూసి, పట్టికలో అంకె తీసుకున్నాను, అంతే. మ్యూట్ చేయడం మరిచిపోయిన ఒకరు పైకే నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత ఆయనే చెప్పారు. చురుగ్గా ఉన్న గెలాక్సీలు, అంటే నడిమి బ్లాక్ హోల్ వాయువుని మింగుతూ వెలిగేవి కూడా మామూలు గెలాక్సీల సిగ్మా గీత మీదే ఉంటాయని ముందే అనుకుని, అలా పడేందుకు ఎంతతో గుణించాలో అదే ఎఫ్ అని తేల్చారు. "కాబట్టి మీ చుక్కలు గీత మీద పడ్డాయని మీరు కనుక్కోలేదు. పడేలా మీరే పెట్టారు" అన్నారు. థాంక్యూ చెప్పి ముగించారు. నలభై నిమిషాలని రాసిన ఇంటర్వ్యూ పంతొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. తాళం కోసం వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదాకా అలాగే కూర్చున్నాను. ఐదేళ్ళు చేసిన పని.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మాది కిరాణా కొట్టు. నాన్నకి సిగ్మా తెలియదు, కానీ నేను అంతా చెప్పాక ఒక్క మాటలో తేల్చేశాడు. "బియ్యం బస్తా పెట్టి తూకం రాయి సరిచేసుకుని, మళ్ళీ అదే రాయితో అదే బస్తా తూచి సరిపోయిందంటే ఎట్లమ్మా? రాయికి ముద్ర బయటివాళ్ళు వెయ్యాలె." తూనికలు కొలతల శాఖ వాళ్ళు మా కొట్టుకొచ్చి కాటాకి, రాళ్ళకి ముద్ర వేసి వెళ్ళడం చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. నా చేతిలోని రాయికి ముద్ర ఉందో లేదో ఐదేళ్ళలో ఒక్కసారి తిప్పి చూడలేదు.

ఆ రాత్రే 2013 పేపర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను, తర్వాత 2004 పేపర్. తెల్లవారేసరికి రెండు విషయాలు తెలిశాయి. ఆయన అన్నది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఎఫ్ అనే ఒక్క అంకె చుక్కలన్నిటినీ ఒకేలా పైకో కిందికో జరుపుతుంది, కాబట్టి సగటు ముందే కలిసిపోతుంది. గీత వాలు, చుక్కలు గీతకి అటూఇటూ ఎంత చెదిరాయన్నది మాత్రం ఇంకా పరీక్షించవచ్చు. నా థీసిస్‌లో పనికొచ్చే భాగం అదే, దాన్ని నేను చివరి పేరాలో దాచేశాను. రెండోది, ముద్ర వేసే బయటివాళ్ళు ఉన్నారు. 2018లో గ్రావిటీ అనే పరికరంతో చిలీలోని ఎనిమిది మీటర్ల టెలిస్కోపులు నాలుగింటి వెలుగుని కలిపి, 3సి 273 అనే క్వేసార్‌లో (చురుగ్గా, చాలా ప్రకాశంగా ఉన్న గెలాక్సీ నడిభాగం) ఆ మేఘాలు ఒక పళ్ళెంలా తిరగడాన్ని నేరుగా కొలిచారు. బ్లాక్ హోల్ దాదాపు 30 కోట్ల సూర్యులంతని తేలింది, సిగ్మాని అరువు తెచ్చుకోకుండానే.

మా ల్యాబ్ సీనియర్ అక్కకి ఫోన్ చేసి ఏడ్చాను. "పిచ్చిదానా, ఆ ప్రశ్న నన్నూ అడిగారు. నేనైతే పోస్ట్‌డాక్ రెండో ఏడాదిలో తెలుసుకున్నా" అంది. మరి నాకెందుకు ముందే చెప్పలేదక్కా అని అడగాలనిపించింది, అడగలేదు. మన దగ్గర ఇదొక జబ్బు. ఎవరు ఎక్కడ దెబ్బ తిన్నారో వెనకొచ్చే వాళ్ళకి చెప్పరు. వచ్చిన ఆఫర్ మాత్రం కేక్ కోసి చెబుతారు.

రెండో ఇంటర్వ్యూ జర్మనీ గ్రూప్‌తో, జనవరి 29న. ఆ రెండు వారాల్లో చివరి స్లైడ్ తీసేశాను. మొదటి స్లైడ్‌లోనే రాశాను: "ఇక్కడి బరువుల సగటు అరువు తెచ్చుకున్నది. నేను పరీక్షించేది వాలుని, చెదురుని." ఒక్క స్పెక్ట్రమ్‌తో కొలిచిన బరువు రెండున్నర రెట్లు అటూఇటూ కావచ్చని ప్రతి చుక్క మీదా గీత పెట్టి చూపించాను. ఈసారి కూడా ఎఫ్ గురించే అడిగారు. ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. ఒక చోట వాళ్ళలో ఇద్దరు నన్ను వదిలేసి వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు, అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఫిబ్రవరి 9న ఆఫర్ మెయిల్ వచ్చింది. ఫిబ్రవరి 15కి ముందే తేల్చి చెప్పమని అభ్యర్థిని ఒత్తిడి చేయకూడదన్న నియమం ఒకటి ఉంది, చాలా సంస్థలు పాటిస్తాయి. నాకు వేరే ఆఫర్ లేదు కాబట్టి ఆ రోజే ఒప్పుకున్నాను.

ఇక కాగితాలు. జర్మనీకి రీసెర్చర్ వీసా కావాలంటే అక్కడి సంస్థ హోస్టింగ్ అగ్రిమెంట్ (మనల్ని పరిశోధనకి తీసుకుంటున్నామన్న ఒప్పందం) పంపాలి, దానికి నా డాక్టరేట్ సర్టిఫికెట్ కావాలి. వైవా మార్చిలో అయిపోయింది. ప్రొవిజనల్ చేతికొచ్చింది జూలై చివర. యూనివర్సిటీకి బాకీలేమీ లేవని చూపే నో డ్యూస్ షీట్ మీద తొమ్మిది సంతకాలు, పదకొండు సార్లు తిరుగుడు. "ఫైలు పైకి పోయింది మేడం" అన్న జవాబే ఆరుసార్లు విన్నాను. ఆరోసారి చూస్తే ఫైలు అదే బల్ల మీద, టీ గ్లాసు కింద ఉంది, అట్ట మీద గుండ్రటి మరక. పైగా టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించాను. మీరు థీసిస్ సబ్మిట్ చేసిన రోజే నో డ్యూస్ షీట్ మొదలుపెట్టండి, వైవా దాకా ఆగకండి. దీనివల్ల సెప్టెంబర్‌లో చేరాల్సిన నేను నవంబర్‌కి మార్చమని బతిమాలుకోవాల్సి వచ్చింది. జర్మనీ వాళ్ళు ఒక్క మాట అనలేదు.

వీసా సెంటర్‌లో 75 యూరోలకి సరిపడా రూపాయలు కట్టి, వేలిముద్రలు ఇచ్చి అరగంటలో బయటికొచ్చాను.

ఫ్లైట్ 28న. అమ్మ ఆవకాయ సీసాకి మూడో పొర ప్లాస్టిక్ చుడుతోంది. నాతో పనిచేయబోయే గ్రూప్ లీడర్ పోయిన వారమే మొదటి పని పంపారు: కొన్ని క్వేసార్ల స్పెక్ట్రా, పాత బరువుల పట్టిక. పట్టికలో చివరి నిలువు వరసలో బరువులు ఉన్నాయి, ఏ ఎఫ్‌తో వేశారో ఎక్కడా రాసి లేదు. నా మొదటి మెయిల్‌లో అదే అడిగాను. ఆయన దగ్గర్నుంచి రెండు పేజీల జవాబు వచ్చింది, దాన్ని ప్రింట్ తీసి హ్యాండ్ బ్యాగేజీలో పెట్టుకున్నాను.