ఆనేకల్ గోమాళంలో మొద్దుల లెక్క

చందాపుర దగ్గర హోసూరు రోడ్డు వదిలి ఆనేకల్ వైపు తిరిగాక అపార్ట్‌మెంట్లు పలచబడ్డాయి. ఊరు దాటి ఆటో దిగేసరికి ఎదురుగా గోమాళం, అంటే ఊరుమ్మడి పశువుల మేత బీడు: ఎర్రమట్టి, బోదగడ్డి, మోకాలెత్తు పొదలు. బెంగళూరు నుంచి ఇలాంటి చోట్లకు మొక్కల లారీతో వచ్చేవాళ్ళే ఎక్కువ. నాటకుండా, నేలలో మిగిలిన మొద్దుల నుంచే అడవి మళ్ళీ లేస్తుందా అని చూడటానికి మేం టేపు, కొడవలి, నాలుగు మేకులు, ఒక సుతిలి ఉండ మాత్రం తెచ్చుకున్నాం.

పది మీటర్ల చదరం కట్టి లోపల వంగి వెతికాం. బంతిలా గుండ్రంగా కనిపించిన పొద తీరా చూస్తే తిరుమాను చెట్టు. గడ్డి తప్పిస్తే తొడ లావు మొద్దు, చుట్టూ 19 పిలకలు, ప్రతి పిలక కొసా కొరికేసి మొండిగా ఉంది. గోటితో బెరడు గీరితే కింద పచ్చగా తేలింది. మేకలు తోలుతున్న తాత నవ్వాడు. "ఎండిపోలా సామీ, వేరు బతికే ఉండాది."

ఆ చదరంలో ఏడు మొద్దులు. అంతటా ఇలాగే ఉంటే హెక్టారుకు 700. ఇక గుంతలు తవ్వి మొక్కలు నాటడం దండగే కాదు, ఉన్న వేళ్ళు తెగ్గొట్టుకోవడం కూడా. మరి చెట్టు ఎదగనిది నేల బాగోకా, వాన చాలకా? జవాబు పక్కనే ఉంది. పశువులు ముట్టని రేల ఒకటి ఇదే మట్టిలో తలెత్తుకుని నిలబడింది. అడ్డం పశువుల నోరే.

మొద్దులు ఒక్కటీ దొరక్కపోతే మాత్రం అక్కడ అడవి మాట ఎత్తకూడదు. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట లాంటి చోట గడ్డే అసలు ప్రకృతి.

మేత ఆపిన రెండో ఏడు, ఆకు రాలాక, వానలకు ముందు పిలకలు ఏరాలి. నేలకు ఆనుకుని పుట్టినవి రెండు మూడు ఉంచి, మిగతావి పదును కత్తితో ఏటవాలుగా కోస్తే నీళ్ళు నిలవవు. మొద్దు పైనుంచి వచ్చినవి లావుగా ఊరిస్తాయి కానీ గాలికి ఊడిపోతాయి. ఒక్కటే ఉంచితే, అది విరిగిన రోజున మళ్ళీ మొదటికి.

మేత ఆగగానే గడ్డి నడుమెత్తు పెరుగుతుంది, మాఘ ఫాల్గుణాల్లో అంటుకుంటుంది. పక్క గుట్ట మీద నల్లబడ్డ మొద్దులు కనిపించాయి. గడ్డి కోసుకెళ్ళమని ఊరివాళ్ళకే చెప్పాలి. అదే చవకైన కాపలా. దానికి తోడు మంట దాటకుండా మూడు మీటర్ల వెడల్పున గడ్డి లేని పట్టీ, ఫైర్‌లైన్, గీకాలి.

ఇక కార్బన్ క్రెడిట్ల ఆశ, అంటే చెట్లు పట్టి ఉంచిన కార్బన్‌ను లెక్కగట్టి అమ్ముకోవడం గురించి. హెక్టారులో 10 టన్నుల ఎండు కలప చేరిందనుకుందాం. అందులో కార్బన్ 0.47 వంతు. దాన్ని 44/12తో గుణిస్తే 17.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్. టన్నుకో క్రెడిట్. పదేళ్ళు పడితే ఏడాదికి 1.7. ఆడిట్ ఖర్చుకు నాలుగెకరాల ఆసామి ఒంటరిగా తట్టుకోలేడు, ఊళ్ళు కలవాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో ముల్గా అనే తుమ్మజాతి చెట్లుండే ఎండు నేలల్లో, మేత తగ్గించి చెట్లు లేపి క్రెడిట్లు తీసుకునే ఈ పని లక్షల హెక్టార్లలో చేశారు. అక్కడ 0.2 హెక్టారులో రెండు మీటర్లు దాటే చెట్ల నీడ 20 శాతం కమ్మితేనే అడవి కింద లెక్క. క్యోటో వాతావరణ ఒప్పందం లెక్కల్లో మన దేశం పెట్టుకున్న గీత 0.05 హెక్టారు, 15 శాతం, ఎత్తు అదే రెండు మీటర్లు. చెట్లు పెరిగింది మేత తగ్గించినందుకా, వానలు పడినందుకా అని ఆస్ట్రేలియాలో పెద్ద రగడే నడిచింది. ఆ పద్ధతిలో కొత్త ప్రాజెక్టులకు 2023 సెప్టెంబరు 30తో తలుపు మూశారు. మేత వల్లా, వాన వల్లా అన్నది తేలాలంటే మేత ఆపని చదరం ఒకటి పోలికకు వదలాలి. మేకలు పక్క గుట్టకెళ్ళి అక్కడ కొరికితే ఆ నష్టమూ మన లెక్కలోంచే కోస్తారు.

దీనికి మందు మేతకు మొత్తం మూసేయడం కాదు, గోమాళాన్ని మూడు వంతులు చేసి ఒక్కో వంతే మూయడం. మేక వెనక్కాళ్ళ మీద లేచినా కొస అందని ఎత్తు వచ్చాక తెరవచ్చు.

"మళ్ళా తోలుకోనిస్తారా?" తాత అడిగాడు.

"కొమ్మలు నరక్కుంటే తోలుకోవచ్చు తాతా."

కర్రతో తూర్పు వాలు చూపించాడు. "అట్లయితే ముందు అది మూయండి. ఆడ మొద్దులు జాస్తి."